దుంపజాతి పూలమొక్కలు: తెలుగునాట ఋతువుల వారీ ఎంపిక

ఏడాదిలో కొంతకాలం నేలలోపల గడ్డగానో దుంపగానో పడి ఉండి, అదును రాగానే ఆకు వేసి పూసే మొక్కలు దుంపజాతి పూలమొక్కలు. నేలసంపెంగ, మెట్టతామర, గ్లాడియోలస్, డాలియా, హిప్పియాస్ట్రమ్, వాన లిల్లీ, మే పువ్వు, నాభి, విషముంగలి తెలుగు తోటల్లో ఎక్కువగా కనిపించే జాతులు. వీటిలో చాలావరకు ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తాయి, పిల్లగడ్డలు పెట్టి వాటంతట అవే పెరుగుతాయి. మెట్టతామర, నేలసంపెంగ వంటి కొన్నిటిని మినహాయిస్తే ఒక్కో జాతి పూత ఏడాదిలో కొంతకాలమే. అందువల్ల పెరట్లో ఏడాదంతా రంగు కనిపించాలంటే ఏ నెలకు ఏ దుంప అన్నది ముందే లెక్క చూసుకుని నాటాలి.

ఈ లెక్క చెప్పే పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో పుట్టినవి. ఆకురాలు కాలంలో నాటు, మంచు కరిగాక పువ్వు చూడు అన్నది వాటి క్రమం. ఆ క్రమాన్ని ఇక్కడ పాటించి తులిప్, హయసింత్ గడ్డలకు డబ్బు తగలేసినవాళ్లు ప్రతి నగరంలోనూ ఉన్నారు. తెలుగు నేల మీద దుంపను నిద్రపుచ్చేది నీటి ఎద్దడి, నిద్ర లేపేది వాన. ఈ తేడా పట్టుబడితే ఎంపిక సగం తేలికవుతుంది. ఏ దుంపనైనా కొనేముందు అది తన పుట్టినచోట చలికి నిద్రపోతుందా, కరువుకి నిద్రపోతుందా అని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కరువుకి నిద్రపోయేది ఇక్కడ నిలుస్తుంది. చలికి నిద్రపోయేది ఒక్క ఏడాది అతిథి.

దుంపల్లో రకాలు

పాఠ్యపుస్తకాల వర్గీకరణ తోటపనికీ పనికొస్తుంది. ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉండేది లశునం. హిప్పియాస్ట్రమ్, వాన లిల్లీ, విషముంగలి, తులిప్ ఈ కోవలోవి. పొరలు లేకుండా గట్టి ముద్దగా ఉండేది కందం. గ్లాడియోలస్, కుంకుమపువ్వు దీనికి ఉదాహరణలు. వంటకి వాడే కంద కూడా ఇదే. అల్లం, పసుపులా అడ్డంగా పాకేది కొమ్ము, మెట్టతామర అలా పెరుగుతుంది. డాలియాది చిలగడదుంపలాంటి దుంపవేరు. నేలసంపెంగ గడ్డను తోటమాలులు లశునమనే అంటారు. ఇలా నేలలో మొగ్గ దాచుకుని గడ్డుకాలం దాటే మొక్కలన్నిటినీ డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త క్రిస్టెన్ రౌంకియర్ 20వ శతాబ్దం తొలినాళ్లలో ఒకే జీవరూపం కింద చేర్చాడు. గడ్డుకాలాన్ని మొక్క ఎక్కడ దాక్కుని దాటుతుందన్నదే ఆయన కొలమానం.

లశునాన్ని నిలువునా కోస్తే దాని ఆర్థికం అర్థమవుతుంది. పొరలన్నీ ఆకుల అడుగుభాగాలు. ఆకులు ఎండలో వండిన పిండిపదార్థం అక్కడికి చేరుతుంది. నడుమ వచ్చే ఏడాది మొగ్గ ఇప్పటికే తయారై ఉంటుంది. హిప్పియాస్ట్రమ్ గడ్డ సుమారు నాలుగు ఆకులకు ఒక పూగుత్తి చొప్పున లోపల కట్టుకుంటూ పోతుంది. కాబట్టి ఈ వేసవిలో పూసిన పువ్వు నిరుటి ఆకుల సంపాదన. పూలు వాడగానే శుభ్రత కోసం ఆకుల్ని కూడా కోసేసే అలవాటు మరుసటి ఏటి పూతను నరికేస్తుంది. వాడిన పూకాడను మాత్రమే తీసి, ఆకులు తమంతట తాము పసుపుబారేదాకా వదిలేయాలి. పూతకు ముందు కన్నా పూత తరవాతే ఈ మొక్కలకు ఎరువు అవసరం ఎక్కువ.

వేసవి పూత

ఎండలు ముదిరే కాలంలో పూసే దుంపలు తెలుగు తోటకు పెద్ద ఆస్తి. మల్లెలు తప్ప మిగతా పూలన్నీ డీలాపడే ఏప్రిల్, మే నెలల్లో ఇవి పైకి లేస్తాయి.

హిప్పియాస్ట్రమ్‌ను నర్సరీల్లో అమరిల్లిస్ అనే అమ్ముతారు. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది. ఇది దక్షిణ అమెరికాది. లావైన బోలు కాడ మీద రెండు నుంచి ఆరు దాకా పెద్ద గరాటు పూలు వస్తాయి. తెలిసినంతలో దీని మొదటి సంకరాన్ని 1799లో ఇంగ్లండులోని ప్రెస్కాట్‌లో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు సాధించాడు. ఎర్రటి రేకు నడుమ తెల్లగీత ఉండే ఆ జాన్సని రకం ఆ తరవాత వెచ్చటి దేశాలన్నిటికీ పాకింది. ఇవాళ పెద్ద పూల డచ్చి సంకరాలు డబ్బాల్లో వస్తున్నాయి, అందంలో వాటికి తిరుగులేదు. కానీ మన ఎండకూ వానకూ ఓర్చి, పదేళ్లు పట్టించుకోకపోయినా పూసేది పాత ఎర్ర రకమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పక్కింటి పెరట్లోంచి రెండు గడ్డలు అడిగి తెచ్చుకోవడం మేలు. హైదరాబాదు వైపు మార్చి చివర నుంచి మే దాకా దీని పూతకాలం. నవంబరు నుంచి నీళ్లు తగ్గించి, ఫిబ్రవరి చివర మళ్లీ పెడితే మొగ్గలు ఒక్కసారిగా వస్తాయి. నాటేటప్పుడు గడ్డ మెడ, భుజం నేల పైన కనిపించాలి. పూర్తిగా పూడ్చేస్తే కుళ్లుతుంది.

మే పువ్వు, ఫుట్‌బాల్ లిల్లీ అని పిలిచే స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్ ఆఫ్రికా నుంచి వచ్చింది. ఏడాదిలో ఒక్కసారే, రోహిణి కార్తె ఎండలకు కాస్త అటూఇటూగా, ముందస్తు జల్లులు పడగానే ఆకులేని నేలలోంచి కాడ పొడుచుకొస్తుంది. దాని కొన మీద గుండ్రటి ఎర్రటి బంతి విచ్చుకుంటుంది. ఒక్కో బంతిలో 200 దాకా చిన్న పూలుండవచ్చు. వారం పది రోజుల్లో పూత ముగిసి ఆకులు మొదలవుతాయి, చలికాలానికి అవీ పోతాయి. నీడపట్టున కుండీలో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితేనే బాగా పూస్తుంది. వేళ్లు కదిలితే ఒక ఏడాది పూత మానేయడం దీని స్వభావం.

మన అడవుల్లో కూడా ఇదే పద్ధతి పాటించే మొక్కలున్నాయి. నక్కవుల్లి ఎండాకాలంలో ఆకులేమీ లేకుండానే సన్నటి కాడ మీద మసక రంగు పూలు పూస్తుంది. తోటలో పెట్టుకునేంత అందం దానికి లేదు. కంద పువ్వు సంగతి సరే. తొలకరికి ముందు నేలను చీల్చుకుని వచ్చే ఆ ఊదా గోపురం చూడ్డానికి అబ్బురమే గాని, కుళ్లిన మాంసపు వాసనతో ఈగల్ని పిలుస్తుంది. గుమ్మం దగ్గర నాటకూడదు.

తొలకరి నుంచి దసరా దాకా

దుంపజాతులకు తెలుగునాట అసలు ఋతువు ఇది. మృగశిర కార్తె వానలు నేలను నాలుగు వేళ్ల లోతు తడిపేసరికి, అంతదాకా చచ్చాయనుకున్న చోట్లలో మొలకలు కనిపిస్తాయి.

వాన లిల్లీలు వీటన్నిటిలోకీ చవకైనవి, నమ్మకమైనవి. జెఫిరాంథస్ ప్రజాతికి చెందిన ఈ చిన్న గడ్డలు అమెరికా ఖండాలవి. తెలుపు, గులాబి, పసుపు రంగులు మూడూ మన దగ్గర దొరుకుతాయి. మొగ్గ గడ్డలో సిద్ధంగా ఉండి ఎండిన నేల తడవడం కోసం కాచుకుంటుంది. గట్టి వాన పడిన మూడు నాలుగు రోజులకు బాటంతా ఒకేసారి పూస్తుంది. పువ్వు ఆయువు ఒకటి రెండు రోజులు. మళ్లీ ఎండి మళ్లీ తడిస్తే మళ్లీ పూత. ఈ గుట్టు తెలిసినవాళ్లు వాన కోసం ఆగరు. కుండీని మూడు వారాలు ఎండగట్టి, తరవాత నిండా నీళ్లు పెడతారు. రోజూ కొద్దికొద్దిగా నీళ్లు పోసే ఇళ్లలో ఇవి ఆకులు దట్టంగా వేసి పూలు అంతంతమాత్రంగా ఇస్తాయి. తెల్ల రకం ఆకులు సన్నగా, ఏడాదంతా పచ్చగా ఉంటాయి. బాటల అంచున గడ్డిలా నాటడానికి దాన్ని మించింది లేదు. గులాబిది పెద్ద పువ్వు, అయితే ఎండాకాలంలో ఆకు పోతుంది. ఒక చదరపు మీటరుకు యాభై గడ్డలు నాటినా ఎక్కువ కాదు. అక్కడొకటి ఇక్కడొకటి నాటితే కంటికి ఆనవు.

నాభి, అగ్నిశిఖ, అడవినాభి అనే పేర్లున్న గ్లోరియోసా సుపర్బా మన పొదల్లోంచి తోటలోకి రావలసిన మొక్క. తమిళనాడు రాష్ట్రపుష్పం ఇదే. దీని దుంప నాగలి ఆకారంలో వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది. ఆకు కొనలే నులితీగలై దొరికినదాన్ని చుట్టుకుంటూ తీగ పైకి పాకుతుంది. వంపు తిరిగిన అలల అంచు రేకులు మొదట ఆకుపచ్చ కలిసిన పసుపులో విచ్చుకుని, నారింజకు తిరిగి, చివరికి మంటలాంటి ఎరుపుకు చేరతాయి. ఒకే తీగ మీద ఈ మూడు దశలూ ఒకేసారి కనిపిస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూసి, చలికాలానికి ఎండిపోతుంది. దుంపకు మొలక మొగ్గ కొన దగ్గరే ఉంటుంది, ఆ కొన విరిగితే దుంప వృథా. చేత్తో పట్టుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. అంతకు మించిన జాగ్రత్త పిల్లల విషయంలో అవసరం. ఈ మొక్కలోని కాల్చిసిన్ కీళ్లవాతపు మందులకు ముడిసరుకు. తమిళనాట దీన్ని పొలాల్లో పెంచేది గింజల్లోని ఆ మందు కోసమే. దుంప తింటే ప్రాణాంతకం.

విషముంగలి లేదా కేసరచెట్టు, శాస్త్రీయంగా క్రైనమ్ ఏషియాటికం, తీరప్రాంతపు ఇసుక నేలల్లో దానంతటదే పెరిగే జాతి. అరటి బోదెలాంటి కాండం, బారెడు ఆకులు, తెల్లటి సన్న రేకుల గుత్తి, సాయంత్రం వాసన దాని గుర్తులు. క్రైనమ్ జాతుల మీద భారతదేశంలో తొలినాళ్ల శాస్త్రీయ వర్ణనలు రాసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు. 1781 నుంచి ఆయన గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో వైద్యుడిగా ఉంటూ ఒక తోట నడిపాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి వెళ్లాడు. మొక్కలకు స్థానిక తెలుగు పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడు. ఆయన పోయాక ‘ఫ్లోరా ఇండికా’ను అచ్చువేయించిన మిషనరీ విలియం కేరీ కూడా దుంపల పిచ్చి ఉన్నవాడే. క్రైనమ్ కేరియానం అన్న జాతి పేరు ఆయన మీదుగా వచ్చింది. 1820లో కేరీ స్థాపించిన కలకత్తా అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ తరవాతి కాలంలో దేశంలో దుంపజాతుల సంకరణకు కేంద్రమయింది. దాని కార్యదర్శిగా పనిచేసిన సిడ్నీ పెర్సీ-లాంకాస్టర్ మెట్టతామర, హిప్పియాస్ట్రమ్‌లలో కొత్త రకాలు తీశాడు.

విషముంగలితో తరచు పొరబడేది స్పైడర్ లిల్లీ. ఇది అమెరికా ఖండపు హైమెనోకాలిస్. తెల్ల రేకుల మధ్య పల్చటి గిన్నెలాంటి పొర ఉంటే ఇదే. నీళ్లు నిలిచే మూలల్లో కూడా బతికే కొద్ది దుంపల్లో ఇది ఒకటి. డాబా గొట్టం నీళ్లు పడే చోట మరేదీ నిలవకపోతే దీన్ని నాటవచ్చు.

పసుపు కుటుంబాన్ని పూలతోటలో చాలామంది మరిచిపోతారు. తూర్పు కనుమల్లో వానలకు మొలిచే అడవి పసుపు జాతులు గులాబి రంగు కుచ్చులతో పూస్తాయి. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సియామ్ తులిప్ కూడా ఒక పసుపు జాతే. పేరులో తులిప్ ఉన్నా వేడినీ తేమనీ కోరుకుంటుంది, కుండీలో జులై నుంచి సెప్టెంబరు దాకా నిలిచే రంగునిస్తుంది. అసలు తులిప్ మీద మోజుపడేవాళ్లకు నా సలహా ఇదే. తెల్లటి సువాసన పూల జింజర్ లిల్లీకి అరకు వంటి చల్లని, తేమగల చోట్లు అనువు.

నేలసంపెంగ

ఈ మొక్కకు విడిగా చోటివ్వాలి. తెలుగు మార్కెట్లో లిల్లీ పూలంటే ఇవే. పెళ్లి దండల్లో, గుడి హారాల్లో, గుడిమల్కాపూర్ నుంచి కడియపులంక దాకా పూలబజార్లలో కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. పుట్టిల్లు మెక్సికో. చాలాకాలం పోలియాంథస్ ట్యూబరోసా అని పిలిచారు. జన్యు పరిశీలనల తరవాత దీన్ని కిత్తనార ప్రజాతి కిందికి మార్చి అగేవ్ అమికా అంటున్నారు.

ఒంటిరెక్క, ముద్ద అని రెండు తరగతులున్నాయి. దండకీ వాసనకీ ఒంటిరెక్క, గుత్తుల అలంకరణకి ముద్ద. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఒంటిరెక్కలో శృంగార్, ప్రజ్వల్, ముద్దలో సువాసిని, వైభవ్ అనే రకాలు విడుదల చేసింది. ప్రజ్వల్ మొగ్గలకు లేత గులాబి ఛాయ ఉంటుంది, పువ్వు పెద్దది. లక్నో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ గామా కిరణాలతో తీసిన స్వర్ణరేఖ, రజతరేఖ రకాలకు ఆకు మీద చారలు అదనపు అందం. ఇంటి తోటకు ఒంటిరెక్క రకాలే నా ఎంపిక. ముద్ద పువ్వు వాన నీటికి బరువెక్కి పూర్తిగా విచ్చుకోకుండానే గోధుమరంగుకు తిరగడం చాలాసార్లు కనిపిస్తుంది.

కనీసం 2 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గడ్డను మార్చి నుంచి జూన్ లోపు, 5 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంలో నాటాలి. మూడు నెలలకు కాడ వస్తుంది. ఒక్కో గడ్డ ఒక్కసారే పూస్తుంది, దాని చుట్టూ పుట్టిన పిల్లలు తరవాతి కాడలు ఇస్తాయి. తెలుగునాట చలి తక్కువ కాబట్టి పూత దాదాపు ఏడాదంతా సాగినా, వానాకాలం నుంచి కార్తికం దాకా ఉధృతి. మూడేళ్లకు దుబ్బు ఇరుకై కాడలు సన్నబడతాయి. అప్పుడు తవ్వి, నెలరోజులు నీడలో ఆరబెట్టి, పెద్ద గడ్డలు ఏరి కొత్తచోట నాటాలి. అదే మడిలో మళ్లీ నాటితే నులిపురుగుల బెడద. ఒక పంట బంతి వేసి ఆ తరవాత నాటే రైతుల పద్ధతికి శాస్త్రీయ ఆధారం ఉంది, బంతి వేళ్ల రసాయనాలు నులిపురుగుల్ని తగ్గిస్తాయి.

చలికాలపు రంగు

స్వాతి కార్తెకు వానలు వెనకబడ్డాక, రాత్రులు చల్లబడ్డాక గ్లాడియోలస్, డాలియాల వంతు. హైదరాబాదు, వరంగల్, అనంతపురం వంటి పీఠభూమి ప్రాంతాలకు ఇవి బాగా నప్పుతాయి. తీరంలో రాత్రి వేడి తగ్గక పూలు చిన్నబోతాయి.

గ్లాడియోలస్ జాతుల్లో ఎక్కువభాగం ఆఫ్రికావి. కత్తిలాంటి ఆకు, కింది నుంచి పైకి వరసగా విచ్చుకునే కాడ దీని సొగసు. నాటిన 60 నుంచి 90 రోజుల్లో పూస్తుంది. ఒకేసారి నాటితే ఒకేసారి అయిపోతుంది కాబట్టి సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకొక వరస నాటుకుంటే సంక్రాంతి దాటి ఫిబ్రవరి దాకా కాడలు కోసుకోవచ్చు. కందం 4 సెంటీమీటర్లకు తగ్గకుండా, 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతున నాటాలి. పైపైన నాటితే పూత బరువుకు పడిపోతుంది. నాటిన కందం ఎండిపోయి దాని నెత్తిన కొత్తది పుడుతుంది, చుట్టూ బుడ్డలు వస్తాయి. కొత్తగా తవ్విన కందానికి రెండు మూడు నెలల మొండి నిద్ర ఉంటుంది. 4–5 డిగ్రీల శీతల గిడ్డంగిలో ఉంచితే అది త్వరగా వదులుతుంది. ఇంట్లోనైతే బూడిద, వేపపొడి కలిపిన పొడి ఇసుకలో వేసవి గడిపేయనివ్వడం తప్ప చేసేదేమీ లేదు. ఫ్యుజేరియం కుళ్లు అన్నిచోట్లా ఉన్న సమస్య. హెసరఘట్టలో తీసిన ధీరజ్, దర్శన్ వంటి రకాలు దాన్ని తట్టుకుంటాయి.

డాలియా మెక్సికో జాతీయ పుష్పం. 1791లో మాడ్రిడ్‌లో వృక్షశాస్త్రవేత్త కావనీయెస్ దీనికి లిన్నేయస్ శిష్యుడు ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. తోట డాలియాల్లో క్రోమోజోములు ఎనిమిది సమితులుగా ఉండటం వల్లే ఇన్ని ఆకారాలు, ఇన్ని రంగులు సాధ్యమయ్యాయి. అయినా నీలం మాత్రం లేదు. నీలి డాలియా గడ్డలని ఎవరు అమ్మినా నమ్మకూడదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో దుంపనో కొమ్మ ముక్కనో నాటి, నాలుగు జతల ఆకులప్పుడు తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. దుంపను విడదీసేటప్పుడు పాత కాండపు మొదలులో కొంత ప్రతి ముక్కకూ రావాలి, మొలక కన్ను అక్కడే ఉంటుంది. కన్ను లేని దుంప నేలలో నెలలు బతికినా చిగురు వేయదు. ఊతకర్ర నాటే రోజే గుచ్చాలి, తరవాత గుచ్చితే దుంపలో దిగుతుంది. మార్చి ఎండలకు ఇది ముగుస్తుంది. మిగతా ఏడాది దుంపల్ని కాపాడటం పీఠభూమిలో కూడా కష్టమే. చాలామంది ఏటా కొత్త మొక్కలు కొంటారు, అందులో తప్పులేదు.

మెట్టతామరకు ఋతువు పట్టింపు లేదు. అమెరికా ఉష్ణమండలపు ఈ కొమ్ము మొక్కను 19వ శతాబ్దపు చివర్లో ఫ్రాన్సులోని లియోన్‌లో క్రోజీ అనే ఉద్యానకారుడు పెద్ద పూల తోటమొక్కగా మార్చాడు. రైల్వే స్టేషన్లలో, కూడళ్లలో మొహం మొత్తేలా నాటడం వల్ల దానికి చులకన వచ్చింది గాని, మురుగునీటి పక్కన కూడా పూస్తూ ఆ నీటిని కొంత శుభ్రపరిచే మొక్క మరొకటి చూపడం కష్టం. పూసిన కాడను నేల మట్టానికి కోస్తూ పోతే కొత్తవి వస్తూనే ఉంటాయి.

నీడ ఉన్న చోట్లకు జాబితా చిన్నది. తెల్లటి వాసన పూల యూకారిస్ లిల్లీ, ఆకుల రంగు కోసం పెంచే కలాడియం, మే పువ్వు. అపార్ట్‌మెంటు బాల్కనీల్లో రోజుకు రెండు మూడు గంటల ఎండే దొరికితే వీటితో ఆగడం మంచిది.

చలిదేశపు దుంపలు

తులిప్ గడ్డలో పువ్వు వేసవిలోనే కట్టుకుంటుంది. కాడ సాగాలంటే మాత్రం ఆ తరవాత 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. ఆ చలి అందకపోతే పువ్వు ఆకుల మధ్యే కుంచించుకుపోతుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రుల సగటు 14–15 డిగ్రీలు, అదీ కొన్ని వారాలే. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల అడుగున, దాల్ సరస్సు పక్కన 2007లో ఏర్పాటు చేసిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోట సుమారు 30 హెక్టార్లలో మార్చి చివర, ఏప్రిల్‌లో పూస్తుందంటే ఆ లోయ చలికాలం వల్లే. ఢిల్లీలో ఫిబ్రవరిలో కనిపించే తులిప్‌లు ముందే చలిలో ఉంచి దిగుమతి చేసిన గడ్డలవి. తెలుగు నగరాల్లో కూడా అలాంటి గడ్డను డిసెంబరులో కుండీలో పెట్టి పది రోజుల పువ్వు చూడవచ్చు. ఆ తరవాత గడ్డను పారేయక తప్పదు. ఏషియాటిక్ లిల్లీలదీ దాదాపు ఇదే కథ. నార్సిసస్‌లలో పేపర్‌వైట్ చలి అడగదు. హయసింత్, క్రోకస్‌ల జోలికి పోనవసరం లేదు.

ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లకు లెక్క తిరగబడుతుంది. న్యూజెర్సీలో అక్టోబరు, నవంబరుల్లో నాటిన తులిప్, డాఫొడిల్ ఏ కష్టమూ లేకుండా ఏప్రిల్‌కి పూస్తాయి. మెట్టతామర, డాలియా, నేలసంపెంగల్ని మాత్రం నేల గడ్డకట్టేలోపు తవ్వి లోపల దాచాలి. డల్లాస్ వైపు పరిస్థితి మధ్యరకం. అక్కడ తులిప్‌ను ఏటా కొత్తగా కొనాలి, క్రైనమ్, వాన లిల్లీ మాత్రం పాతుకుపోతాయి. కొన్ని వాన లిల్లీ జాతులకు టెక్సాస్ పుట్టిల్లే.

నేల, గడ్డ, చీడ

నల్లరేగడిలో నేరుగా నాటిన దుంప వానాకాలం దాటడం అరుదు. అలాంటిచోట మడిని జానెడు ఎత్తు లేపి, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ తగిలితే గడ్డ కుళ్లుతుంది. ఎర్ర చల్కా నేలలకు ఇసుక అవసరం లేదు, ఎరువు చాలు. కోకోపీట్ ఎక్కువ పోసే కుండీల అలవాటు దుంపలకు మంచిది కాదు, అడుగున చెమ్మ ఆరదు.

గడ్డ కొనేటప్పుడు పొడుగు చూసి మోసపోకుండా బరువు చూడాలి. చేతిలో బరువుగా, అడుగు పళ్లెం గట్టిగా, బూజు లేకుండా ఉన్నది మంచిది. ప్యాకెట్టు మీది బొమ్మ రంగును నమ్మడం కన్నా కడియం వంటి నర్సరీ ఊళ్లలో పూతకాలంలో వెళ్లి పూస్తున్న మొక్కనే తెచ్చుకోవడం క్షేమం. దుంప నిద్రపోయే నెలల్లో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది, మరిచిపోయి పలుగు దింపడమూ జరుగుతుంది. అక్కడొక పుల్ల గుచ్చి, పైన గడ్డి గులాబీ వంటి లోతులేని వేళ్ల మొక్కల్ని పరిస్తే రెండు ఇబ్బందులూ తీరతాయి. నీళ్లు వద్దనే హిప్పియాస్ట్రమ్ మీద మాత్రం చలికాలపు పూలమొక్కలు పెట్టకూడదు.

వానాకాలంలో విషముంగలి, స్పైడర్ లిల్లీ, హిప్పియాస్ట్రమ్, నాభి మొక్కలకు ఒకే శత్రువర్గం. నలుపు మీద తెల్ల, ఎర్ర, పసుపు మచ్చలుండే గొంగళి పురుగులు గుంపుగా దిగి రెండు రాత్రుల్లో ఆకులన్నీ తిని గడ్డలోకి తొలుస్తాయి. తెల్లవారుజామున చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడమే ఇంటి తోటకు చాలిన మందు. ఆకు అడుగున గుడ్ల గుంపు కనబడితే ఆ ముక్క చింపేయాలి. హిప్పియాస్ట్రమ్ ఆకుల మీద ఎర్రటి మచ్చలు శిలీంధ్రం పని. పైనుంచి నీళ్లు చల్లడం మానేస్తే చాలావరకు తగ్గుతుంది.

హిప్పియాస్ట్రమ్, విషముంగలి, స్పైడర్ లిల్లీల కుటుంబపు లశునాల్లో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. ఆరబెట్టిన హిప్పియాస్ట్రమ్, విషముంగలి గడ్డలు చూడ్డానికి ఉల్లిగడ్డలే. వాటిని వంటింటి బుట్టలకు దూరంగా, పేరు రాసిన సంచిలో, పెంపుడు కుక్కకు అందని ఎత్తులో వేలాడదీయాలి. నాభి దుంపలకైతే తాళం వేసిన పెట్టె ఉండాలి.